చెరొకటి తీసుకోండిరా

ఒరేయ్ రఘూ,

నీ ఉత్తరం చదివాక రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. నువ్వూ మీ బావా అండమాన్‌లోని హావ్‌లాక్ దీవిలో డైవింగ్‌కి వెళ్తున్నారంటే నాకు ఎంత సంతోషమో! కానీ చివర్లో రాశావే, "ఇద్దరం పక్కపక్కనే ఉంటాం కదా, డైవ్ కంప్యూటర్ ఒకటి అద్దెకు తీసుకుంటే చాలు" అని, అక్కడే ఆగిపోయాను. వద్దురా, చెరొకటి తీసుకోండి.

చూడ్డానికి అది లావుపాటి వాచీలా ఉంటుంది. నువ్వు ఏ లోతులో ఎంతసేపు ఉన్నావో క్షణక్షణం కొలిచి, ఒంట్లో ఎంత నైట్రోజన్ ఇంకి ఉంటుందో లెక్కేస్తుంది. 20 మీటర్ల లోతులో పీడనం ఒడ్డున ఉన్నదానికి మూడింతలు. ఆ పీడనంలో పీల్చిన గాలిలోని నైట్రోజన్ ఒంట్లోకి ఎక్కుతుంది. వానలో బట్టలు తడిసినట్టే అనుకో. చేతిరుమాలు ఇట్టే తడిసి ఇట్టే ఆరుతుంది. మీ నాయనమ్మ కుట్టిన బొంత ఉంది చూడు, అది నిదానంగా తడుస్తుంది, తడిస్తే మాత్రం ఓ పట్టాన ఆరదు. రక్తం రుమాలైతే కొవ్వు బొంత. జూరిచ్‌లో బ్యూల్‌మన్ అనే డాక్టరు ఇలా 16 రకాల వేగాలతో లెక్క కట్టాడు. అందులో అన్నిటికన్నా నెమ్మదైనది సగం నిండటానికే 635 నిమిషాలు పడుతుంది! ఇప్పటి కంప్యూటర్లు చాలావాటిలో నడిచేది ఆ లెక్కే.

ఇప్పుడు చెప్పు, బావ దాన్ని కట్టుకుని 17 మీటర్ల దగ్గర ఉంటే, నువ్వు పగడాలు చూస్తూ 22కి దిగావనుకో. నీ లెక్క ఎవరు చూస్తారు? పొద్దున ఆయన, మధ్యాహ్నం నువ్వు కట్టుకుంటే ఇంకా ప్రమాదం. పొద్దుటి డైవ్‌లో నీ ఒంట్లో మిగిలింది దానికి తెలియనే తెలియదు.

పైకి వచ్చేటప్పుడే దాని అవసరం ఎక్కువ. 30 నుంచి 20 మీటర్లకు వస్తే పీడనం నాలుగింతల నుంచి మూడింతలకు తగ్గుతుంది, అంతే. అదే 10 మీటర్ల నుంచి పైకి తేలితే సగానికి సగం పడిపోతుంది. తొందరపడితే నైట్రోజన్ ఒంట్లోనే బుడగలు కడుతుంది. మనకేమో పైన వెలుగు కనబడగానే డైవ్ అయిపోయినట్టే అనిపిస్తుంది.

నాకు జరిగిందే చెప్తాను. ఒకసారి 12 మీటర్ల దగ్గర తాబేలు కనబడితే దాన్నే చూస్తూ ఉండిపోయాను. నీళ్ళలో తేలడానికి వేసుకునే జాకెట్‌లో గాలి పైకొచ్చేకొద్దీ ఉబ్బుతుంది, నేను వదలడం మర్చిపోయాను. చుట్టూ నీలం తప్ప ఏమీ లేదు, కదులుతున్నట్టే అనిపించలేదు. ఇంతలో చేతి మీద కీచుమని మోత. చూస్తే వేగం చూపించే గీతలు ఎరుపులోకి పోయాయి. నిమిషానికి 9 మీటర్లు దాటొద్దని నేర్పారు, నేను దాదాపు రెట్టింపు వేగంతో వస్తున్నాను! గాలి వదిలేసి లంగరు తాడు పట్టుకున్నాను. గుండె దడదడలాడింది. ఒంట్లో నైట్రోజన్ కొంత పోవడానికి 5 మీటర్ల దగ్గర ఆగాను, అక్కడ కంప్యూటర్ మూడు నిమిషాల నుంచి వెనక్కి లెక్కపెట్టడం మొదలెట్టింది. అల తోసి నేను పైకి జరిగితే లెక్క ఆగింది, మళ్ళీ కిందికి దిగితే సాగింది. తాడుకు పట్టిన నాచు చూస్తూ అలాగే వేలాడాను. ఆ మోత రాకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

అలాగని అంతా దాని మీదే వదిలేయకు. రాత్రి నిద్ర లేదనీ, నీళ్ళు తక్కువ తాగావనీ దానికి తెలియదు. ముందురోజు మందు జోలికి పోవద్దని బావకి గట్టిగా చెప్పు. ఊపిరి మాత్రం ఎప్పుడూ బిగబట్టొద్దు, పైకి వచ్చేటప్పుడు అసలే వద్దు.

ఇంకోటి, శనివారం పొద్దున విమానం అన్నావు కదా, శుక్రవారం డైవ్ పెట్టుకోవద్దు. వరుసగా డైవ్‌లు చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి. చాలా కంప్యూటర్లలో చిన్న విమానం బొమ్మ వస్తుంది, అది పోయేదాకా ఆగు.

ఈ ఉత్తరం బావకి కూడా చదివి వినిపించు. రెండో కంప్యూటర్ అద్దె నేనిస్తాను, ఎంతో కనుక్కుని రాయి.

నీ
వాసు