కండెలు చుట్టే అమ్మకు, లోవెల్ నుంచి

లోవెల్, మసాచుసెట్స్
శనివారం రాత్రి

అమ్మా,

ఎలా ఉన్నావు? మోకాళ్ళ నొప్పి తగ్గిందా? నాన్న మాత్రలు టైముకి వేసుకుంటున్నారా? ఫోన్లో చెబుదామంటే నువ్వు "చలి ఎట్లా ఉంది, ఏం తిన్నావు" అని అడగడంతోనే సరిపోతుంది. ఈ సంగతి కుదురుగా చెప్పాలనిపించి రాస్తున్నాను. కళ్ళజోడు పెట్టుకుని నువ్వే చదువు, తమ్ముడి చేత చదివించుకోకు.

ఇవాళ మా ఊళ్ళోని పాత బట్టల మిల్లు చూడ్డానికి వెళ్ళాను. బూట్ మిల్లు అంటారు, ఇప్పుడది మ్యూజియం. ఇన్నాళ్ళూ ఆఫీసుకి వస్తూ పోతూ ఆ ఎర్ర ఇటుక గోడలు చూడడమే గానీ లోపల అడుగు పెట్టలేదు. మగ్గాల గదిలోకి వెళ్ళేముందు చెవుల్లో పెట్టుకోమని స్పాంజి బిళ్ళలు ఇచ్చారు. తలుపు తీస్తే కాళ్ళ కింద నేల అదురుతోంది. 80కి పైగా మగ్గాలు, వాటిలో ఆడుతున్నవి కొన్నే. ఆ కాసిన్నిటికే పక్క మనిషి మాట వినపడలేదు. మనింట్లో గుంట మగ్గం చప్పుడు ఆగితేనే కదా నాకు మెలకువ వచ్చేది!

అక్కడ ఒక నాడె చూశాను, పోగును మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తించేది. కర్రది, రెండు కొనలా ఇనుము, పక్కన చిన్న కన్నం. కొత్త కండె పెట్టాక ఆ కన్నానికి పెదాలు ఆనించి, ఊపిరి పీల్చి పోగును బయటికి లాగేవాళ్ళట. నూలు దుమ్మంతా లోపలికే. నువ్వు తెగిన పోగును నాలిక మీద తడిపి అతికించడం గుర్తొచ్చి అక్కడే నిలబడిపోయాను.

ఈ ఊరు పుట్టిందే మిల్లుల కోసం. 1820 నాటికి ఇక్కడున్నవి పొలాలు. మెర్రిమాక్ నది ఇక్కడ 30 అడుగులకు పైగా కిందికి పడుతుంది. ఆ నీటి బలంతో మిల్లులు తిప్పడానికి ఐర్లండ్ నుంచి వచ్చిన కూలీలు కాలువలు తవ్వారు, 1823లో మొదటి మిల్లు తిరిగింది. డబ్బు బోస్టన్ వర్తకులది. వాళ్ళు అంతకుముందు ఓడల వ్యాపారం చేసేవాళ్ళు. 1807లో సొంత ప్రభుత్వమే వేరే దేశాలకు ఓడలు కదలకూడదని చట్టం చేసింది, 1812లో ఇంగ్లండుతో యుద్ధం వచ్చింది. దాంతో ఆ డబ్బు మిల్లుల్లోకి మళ్ళింది. ఫ్రాన్సిస్ కాబట్ లోవెల్ అనే ఆయన ఇంగ్లండు మిల్లులు తిరిగి చూసి, యంత్రం మగ్గాన్ని బుర్రలో పెట్టుకుని వచ్చాడు. పాల్ మూడీ అనే మెకానిక్ సాయంతో 1814లో వాల్తమ్‌లో మిల్లు నడిపించాడు. ఒక పక్క పత్తి పోస్తే ఇంకో పక్క గుడ్డ వచ్చేది. ఆయన 1817లో పోయాడు, ఈ ఊరికి ఆయన పేరే పెట్టారు.

ఇక్కడ మన సంగతి కూడా ఉందమ్మా. ఆ రోజుల్లో అమెరికా వాళ్ళు కట్టుకునే చౌక నూలు గుడ్డ చాలావరకు మన దేశానిదే, ఎక్కువగా కలకత్తా నుంచి ఓడల్లో వచ్చేది. 1816లో సుంకాల చట్టం చేసేటప్పుడు ఈ లోవెల్ స్వయంగా వాషింగ్టన్ వెళ్ళి మాట్లాడాడు. నూలు గుడ్డ చదరపు గజం 25 సెంట్ల కంటే తక్కువకు కొన్నా, 25 సెంట్లకు కొన్నట్టే లెక్కగట్టి దాని మీద నూటికి 25 పన్ను వేయాలని చట్టంలో రాశారు. 9 సెంట్ల గుడ్డ అనుకో, దాని మీద ఆరు సెంట్ల పైచిలుకు పన్ను పడుతుంది. ఖరీదైన గుడ్డకు నూటికి 25తోనే సరిపోయింది, చౌక గుడ్డకు మాత్రం తలుపు మూసుకుంది. పేదవాడు కట్టుకునే ముతక గుడ్డ నేసిన మన నేతగాడికి ఆ తలుపు ఎవరు మూశారో తెలిసే దారే లేదు. నాకు ఆ లెక్క చదివాక కడుపులో తిప్పినట్టయింది.

ఆ మిల్లుల్లో పనిచేసింది ఎక్కువగా ఆడపిల్లలు. న్యూ హాంప్‌షైర్, వెర్మాంట్, మెయిన్ పల్లెల నుంచి రైతుల కూతుళ్ళు వచ్చారు. కంపెనీ ఇళ్ళలో ఉండాలి, రాత్రి పదికి తలుపు వేసేస్తారు, ఆదివారం చర్చికి పోవాలి. పని రోజుకి 12 గంటలు, 13 గంటలు. కానీ కూలి వాళ్ళ చేతికే వచ్చేది! 1829లో ఊళ్ళో పొదుపు బ్యాంకు పెడితే తమ పేరున డబ్బు దాచుకున్నారు. పెళ్ళయిన ఆడదాని సంపాదన మొగుడిదేనని చట్టం చెప్పే రోజులవి. అందరూ సమానులేనని 1776లో ప్రకటించుకున్న దేశంలో వీళ్ళకు ఓటు లేదు. ఉన్నది ఆ కూలి ఒక్కటే.

ఆ కూలి తగ్గిస్తామంటే 1834లో మగ్గాలు ఆపి వీధిలోకి వచ్చారు. 1836లో మళ్ళీ వచ్చారు. అప్పుడు హారియట్ హాన్సన్‌కు పదకొండేళ్ళు. నిండిన కండెలు తీసి ఖాళీవి పెట్టే పిల్ల. తన గదిలో పెద్దవాళ్ళు వెళ్దామా వద్దా అని తటపటాయిస్తుంటే, మీరు వచ్చినా రాకపోయినా నేను వెళ్తున్నానని ముందుకు నడిచింది. వెనక్కి తిరిగి చూస్తే గదంతా తన వెంట ఉంది. వాళ్ళమ్మ మొగుడు పోయి, కంపెనీ ఇంట్లో పిల్లలకు వండిపెట్టి బతికేది. నీ కూతుర్ని అదుపులో పెట్టుకోలేకపోయావని ఆమెను ఆ పనిలోంచి తీసేశారు. హారియట్ పెద్దయ్యాక ఇదంతా తనే రాసింది.

1845లో పది గంటల పని కోసం వేల సంతకాలతో అర్జీ పెట్టారు. సారా బాగ్లీ అనే ఆమె ముందుండి నడిపింది. ఎలిజా హెమింగ్‌వే అనే ఆమె శాసనసభ కమిటీ ముందు తన గది ఎలా ఉంటుందో చెప్పింది: 150 మంది మనుషులు, చలికాలం 293 చిన్న దీపాలు, 61 పెద్ద దీపాలు, ఆ పొగ. దీపాలన్నీ లెక్కపెట్టుకుందమ్మా ఆమె! కమిటీ మాత్రం ఇది మా పని కాదంది. ఈ రాష్ట్రంలో పది గంటల చట్టం వచ్చేసరికి 1874.

ఇంకొకటి చెప్పకపోతే ఈ ఉత్తరం అబద్ధమవుతుంది. ఆ మిల్లులకు పత్తి వచ్చింది దక్షిణాది బానిసల చేతుల మీదుగా. 1793లో గింజ తీసే యంత్రం వచ్చాక పత్తి సాగు విపరీతంగా పెరిగింది. 1790లో ఏడు లక్షలున్న బానిసలు 1860 నాటికి దాదాపు 40 లక్షలయ్యారు. వాళ్ళు ఏరిన పత్తితోనే ఇక్కడ ముతక గుడ్డ నేసి, తిరిగి వాళ్ళకే కట్టించేవాళ్ళు. ఆ గుడ్డకు ఈ ఊరి పేరే పడిపోయింది. సమ్మె చేసిన పిల్లలు మేము స్వతంత్రుల బిడ్డలమని రాసుకున్నారు. వాళ్ళలో కొందరు బానిసత్వం వద్దని కూడా సంతకాలు పెట్టారు. అందరూ కాదు.

ఇంటికొచ్చి అన్నం వండుకుంటుంటే నీ రాట్నమే కళ్ళ ముందుంది. తెల్లారి లేచి కండెలు చుట్టి, పడుగు సరిచేసి, నాన్న మగ్గం ఎక్కేసరికి అన్నీ సిద్ధం చేసేదానివి. కూలి మాత్రం చీరకి వచ్చేది, నాన్న పేరున. నువ్వు చుట్టిన కండెల కూలి ఎప్పుడూ విడిగా లెక్కకు రాలేదు. నా కాలేజీ ఫీజులో ఆ కండెలు ఎన్ని ఉన్నాయో నేనూ ఎప్పుడూ అడగలేదు. తప్పు నాదే.

చేనేత గణనలో మగ్గం నేసేవాళ్ళతో పాటు కండెలు చుట్టేవాళ్ళను కూడా లెక్కపెడతారు. సోమవారం తమ్ముణ్ణి వెంటబెట్టుకుని చేనేత ఆఫీసుకి వెళ్ళి, గుర్తింపు కార్డు నీ పేరున ఎలా ఇస్తారో కనుక్కో. నాన్నతో నేను మాట్లాడతాను. ఈ నెల నుంచి డబ్బు నీ అకౌంటుకే పంపుతున్నాను. పాస్‌బుక్కు బీరువాలో కాదు, నీ దగ్గర పెట్టుకో.

ఉంటాను,
నీ చిట్టి