ఛాతీకి తగిలిన తాడు

ఒరేయ్ బావా,

ఎలా ఉన్నావురా? మొన్న ఫోన్లో "ఆర్మీ భర్తీ ర్యాలీలో పరిగెత్తలేక చతికిలబడ్డోడివి, కోచ్‌వి ఎలా అయ్యావురా?" అని పగలబడి నవ్వావు. నేను జవాబు చెప్పేలోపు నీ సిగ్నల్ పోయింది. అందుకే ఈ ఉత్తరం. ఎలాగూ రాత్రి డ్యూటీయే అన్నావు, తీరిగ్గా చదువు.

ఆ రోజు నీకెంత గుర్తుందో తెలీదు, నాకు మాత్రం అంగుళం అంగుళం గుర్తుంది. ఆర్నెల్లు వంశధార గట్టు మీద పరిగెత్తాం. మీ అమ్మ పోసిన చోడంబలి తాగి వెళ్లేవాళ్లం. 1600 మీటర్లు, నాలుగు రౌండ్లు. అప్పట్లో ఐదున్నర నిమిషాల్లో వస్తే 60కి 60 మార్కులు, 5:45 దాటితే ఇంటికి. అంటే రౌండుకి 82 సెకన్లు పడితే చాలు. ఇంత చిన్న లెక్క మనకి ఒక్కడూ చెప్పలేదురా! "ముందుండాలి" అన్నదొక్కటే తెలుసు. విజిల్ పడగానే మోచేతులతో తోసుకుంటూ దూసుకుపోయాను. మొదటి రౌండు అయ్యాక వాచీ చూసుకుంటే 68. ఇంక ఉద్యోగం వచ్చేసినట్టే అనుకున్నా. మూడో రౌండులో కాళ్లకి ఇసుక బస్తాలు కట్టినట్టయింది. నువ్వు నన్ను దాటుతూ "ఆగకురా" అన్నావు. ఆగలేదు. కానీ గీత దగ్గరికి వచ్చేసరికి టైమైపోయిందని అడ్డంగా తాడు పట్టేశారు. నా ముందువాడు దూరిపోయాడు, నా ఛాతీకి తాడు తగిలింది. కొబ్బరి తాడు, గరుగ్గా ఉంది. నువ్వు అవతల, నేను ఇవతల.

తర్వాత సంగతి నీకు తెలిసిందే. వైజాగ్‌లో మందుల షాపు, రాత్రి పదకొండింటికి బిర్యానీ, నాలుగేళ్లలో పొట్ట. పరుగు మాటెత్తితే చిరాకు. ఓ తెల్లవారుజామున నిద్రపట్టక ఆర్కే బీచ్‌కి పోయాను. ఆ వేళప్పుడు బీచ్ రోడ్డు మీద బళ్లని రానివ్వరు కదా, కురుసుర సబ్‌మెరైన్ దగ్గర ఓ పదిమంది ఒళ్లు సాగదీస్తున్నారు. అందులో డాక్‌యార్డులో రిటైరైన పెద్దాయన ఒకాయన "రా బాబూ" అన్నారు. తెన్నేటి పార్కు దాకా పరిగెడుతూ వాళ్లమ్మాయి పెళ్లి కబుర్లన్నీ చెప్పారు. నేను "ఊ" కూడా అనలేకపోయాను. "మాట్లాడలేకపోతున్నావంటే తొందర ఎక్కువైనట్టే" అని ఆయనే వేగం తగ్గించారు. అరవై దాటినాయన నాకోసం తగ్గడం! సిగ్గేసింది గానీ, మర్నాడు కూడా వెళ్లాను. ఏడాదికి హాఫ్ మారథాన్, 21.1 కిలోమీటర్లు, రెండుంపావు గంటల్లో పూర్తిచేశాను. నీకు ఫోటో పంపితే పొట్ట చూసి నవ్వావు, గుర్తుందా?

కోచింగ్ ఎవరూ పిలిచి ఇవ్వలేదు. మా షాపులో పనిచేసే కుర్రాడు కానిస్టేబుల్ పరీక్షకి తయారవుతూ "అన్నా, కాస్త రా" అన్నాడు. వాడూ అచ్చం నాలాగే మొదటి రౌండులోనే ఆవిరైపోయేవాడు. వాడితో మొదలు. సెలవు పెట్టి పటియాలాలో కోచ్‌లకి శిక్షణనిచ్చే జాతీయ క్రీడా సంస్థ ఎన్.ఐ.ఎస్.లో ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు చేశాను. శక్తికి మించి మొదలుపెడితే కండరాల్లో ఏం జరుగుతుందో, కాళ్లు ఎందుకు బిగుసుకుపోతాయో అక్కడ బోర్డు మీద గీసి చెబుతుంటే నాకు ఆ 68 సెకన్లే కనిపించాయి.

అన్నీ సవ్యంగా చేశానని అనుకోకు. ఓ కుర్రాడు మోకాలి కింద ముందు ఎముక నొప్పి అంటే "ఓర్చుకో" అన్నాను. మనం గట్టు మీద ఓర్చుకోలేదా అని! తీరా చూస్తే ఎముకలో సన్నని చీలిక. రెండు నెలలు మంచం. వాళ్ల నాన్న నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ. ఇప్పుడు ఎవరైనా నొప్పి అంటే ఆ రోజు పరుగు బంద్.

ఈ మధ్య ఆడపిల్లలూ వస్తున్నారు. మన వైజాగ్ జ్యోతి యర్రాజి 2023లో బ్యాంకాక్‌లో 100 మీటర్ల హర్డిల్స్ 13.09 సెకన్లలో దాటి ఆసియా ఛాంపియన్ అయింది కదా, ఆమె పేరు చెబుతారు. నాకు మాత్రం బళ్లో ఆమె పొడుగు చూసి హర్డిల్స్ వైపు మళ్లించిన వ్యాయామం మాస్టారు గుర్తొస్తారు. ఆయన చూపు నాకుంటే బాగుణ్ణు.

ఆర్మీకి ఇప్పుడు రాత పరీక్ష ముందు, పరుగు తర్వాత. మా పిల్లలు ఏడుగురు రాతలో గట్టెక్కారు. ఆదివారం ఆదివారం గ్రౌండులో నేనూ 5:45కి తాడు పడతాను. మొదటి రౌండు 80 కంటే తక్కువలో వచ్చినవాణ్ణి అక్కడే ఆపేస్తాను. తిట్టుకుంటారు, తిట్టుకోనీ. పోయిన వారం సాలూరు కుర్రాడొకడు సరిగ్గా తాడు దగ్గరికొచ్చి ఆగాడు. రెండో కొస పట్టుకున్నవాడు నా మొహం చూశాడు. నేను తాడు దించలేదు గానీ, ఆ రోజు మళ్లీ టిఫిన్ కూడా తినబుద్ధి కాలేదు.

సంక్రాంతికి సెలవు దొరికితే ఒక ఆదివారం నాకివ్వు. ఐదింటికల్లా గ్రౌండుకి రా. రెండో కొస నువ్వు పట్టుకుందువు గాని. మీ అమ్మకి చోడంబలి సంగతి నేను ముందే చెప్పి ఉంచుతాను.

నీ బావ