షించాన్ పెద్దల కోసం పుట్టిన బొమ్మ

షించాన్ కార్టూన్ పిల్లల్ని చెడగొడుతోందంటూ మీ పత్రికలో వచ్చిన కథనంలో దాన్ని సృష్టించిన జపాన్ చిత్రకారుడు యోషితో ఉసుయి పేరే లేకపోవడం పెద్ద లోటు. 1990లో ఆయన ఆ బొమ్మల కథ మొదలుపెట్టింది పిల్లల పత్రికలో కాదు, పెద్దవాళ్లు చదివే 'వీక్లీ మాంగా యాక్షన్'లో. అయిదేళ్ల పిల్లాడి నోటితో అమ్మానాన్నల డాంబికాన్ని, ఇంటి అప్పును, ఆఫీసు అలసటను వెక్కిరించడమే అందులోని హాస్యం. 1992లో టీవీకెక్కాక చూసేవాళ్లు మారిపోయారు. రెండో తరగతి చదివే మా మనవడు తెలుగు డబ్బింగ్‌లో చూసి, నానమ్మనని కూడా చూడకుండా అవే డైలాగులు నా మీద వదులుతాడు. నవ్వొస్తుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ వెటకారం ఎవరి మీదో వాడికి తెలియదు. 2008లో మన దేశంలో దీన్ని ఆపించారు, మళ్లీ వచ్చింది. 2009లో కొండ మీంచి పడి ఉసుయి చనిపోయినా ఆయన సహాయకులు కథను కొనసాగించారు. కాబట్టి నిషేధం మాట వదిలేసి, ప్రతి ఎపిసోడ్‌కు ముందు ఏ వయసువాళ్లు చూడొచ్చో తెరపై తెలుగులో వేయించాలి. మీ పత్రిక కూడా ఉసుయి గురించి ఒక వ్యాసం వేస్తే, తల్లిదండ్రులు పిల్లల పక్కన కూర్చుని చూసేటప్పుడు ఏం చెప్పాలో తెలుస్తుంది.

- ఒక నానమ్మ, ఖమ్మం