రాగి బుల్లెట్‌కి మారేముందు, శ్రీనూ

ఒరేయ్ శ్రీనూ,

డీ జోన్ ట్యాగ్, అదే ఆ ప్రాంతంలో జింకని వేటాడే అనుమతి, వచ్చిందని విని భలే సంతోషమేసింది. నువ్వు చివర్లో అడిగిన ప్రశ్నకి మెసేజ్‌లో జవాబిస్తే సరిపోదని ఇలా ఉత్తరమే రాస్తున్నా. కాలిఫోర్నియాలో సీసం వాడనివ్వరు, రాగేమో జింకని పడగొట్టదని కాల్పుల సాధన చేసే రేంజిలో అందరూ అంటున్నారు, ఏం చెయ్యాలి అన్నావు. రాగి పడగొడుతుందిరా, అనుమానం పెట్టుకోకు. కాకపోతే అది పనిచేసే తీరే వేరు. సీసానికి వాడిన బరువూ, గురీ, దూరమూ అలాగే ఉంచేసి రాగి కాల్చినవాళ్లే దాన్ని తిడతారు.

రూలు సంగతి క్లుప్తంగా చెప్తా. 2008 నుంచి కాండోర్లు, అంటే అక్కడి పెద్ద రాబందులు, తిరిగే ప్రాంతాల్లో, 2019 జూలై 1 నుంచి రాష్ట్రమంతటా వేటలో సీసం నిషేధం. రేంజిలో కాగితం మీద కాల్చుకోవడానికి ఈ చట్టం అడ్డు రాదు. 1982 నాటికి కాండోర్లు 22 మాత్రమే మిగిలాయి. అన్నిటినీ పట్టి, పెంచి, 1992 నుంచి మళ్లీ వదులుతుంటే, వేటగాళ్లు అడవిలో వదిలేసిన పేగుల కుప్పల్లోని సీసం తిని చచ్చిపోతూ వచ్చాయి. మన దేశంలో రాబందులకి పశువులకిచ్చే నొప్పి మందు డైక్లోఫెనాక్ చేసింది కూడా ఇదే కదా. 2006లో పశువైద్యంలో దాన్ని ఆపేదాకా కళేబరమే వాటికి విషమైంది. అందుకే ఈ రూలుని నేను విసుక్కోను, మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

పక్షుల సంగతి అలా ఉంచు, నీ ఇంట్లో పిల్లలున్నారు. మామూలు సీసం బుల్లెట్ అంటే పలచటి రాగి తొడుగులో మెత్తటి సీసం. ఎముకకి తగలగానే పగిలి, బరువులో మూడో వంతో సగమో ముక్కలై పోతుంది. ఆ ముక్కల్లో చాలావాటిని పంటి కింద కూడా పట్టలేం, ఎక్స్‌రేలోనే కనిపిస్తాయి. మిన్నెసోటాలో 2008లో కళేబరాల మీద చేసిన పరీక్షలో గాయానికి అడుగు దూరంలో కూడా సీసం దొరికింది. నీళ్లతో కడిగితే కొంత పోయినా, మిగతాది శుభ్రంగా ఉన్న మాంసంలోకి పాకింది. మనవాళ్లు భుజం మాంసం కీమా కొట్టిస్తారు, పచ్చడి పెట్టి నిమ్మరసం పిండుతారు. పులుపు తగిలితే సీసం ఇంకా ఎక్కువ కరుగుతుంది. రాగితో ఈ గొడవ లేదు. రక్తం గడ్డకట్టిన మాంసం కూడా తక్కువే, రంధ్రం అంచు దాకా కోసుకోవచ్చు.

ఇక రాగి ఎలా పనిచేస్తుందో చూడు. బార్న్స్ కంపెనీ రాగి బుల్లెట్ టీటీఎస్ఎక్స్ ఒకటి చేతిలోకి తీసుకుంటే ముందు నీలం ప్లాస్టిక్ మొన, నడుం చుట్టూ గాడులు కనిపిస్తాయి. మొన కింద సన్నటి గొయ్యి ఉంటుంది. తగలగానే మొన లోపలికి దిగి ఆ గొయ్యిని విప్పుతుంది, ముందు భాగం నాలుగు రేకులుగా పువ్వులా విచ్చుకుంటుంది. వెడల్పు దాదాపు రెట్టింపవుతుంది, బరువు మాత్రం నూటికి తొంభై ఐదు పాళ్లు పైనే మిగులుతుంది. అందుకే తిన్నగా దూసుకుపోయి అవతలి పక్కనుంచి బయటపడుతుంది. జింక వెనకాల ఇంకో జింక ఉంటే ట్రిగ్గర్ ముట్టుకోకు.

రేకులు విచ్చుకోవాలంటే వేగం కావాలి. సీసం సెకనుకి 1,600 అడుగుల దగ్గర కూడా ఎంతో కొంత తెరుచుకుంటుంది. రాగికి తగిలేచోట కనీసం 1,800 ఉండాలి, నా లెక్కలో అయితే 2,000 ఉండాల్సిందే. అంతకంటే తగ్గితే పెన్సిల్‌తో పొడిచినట్టు సన్నటి రంధ్రం చేసి వెళ్లిపోతుంది, జింక మైలు దూరం పోయి చస్తుంది. "రాగి పనికిరాదు" అన్న మాటల్లో చాలావాటికి మూలం ఇదే. కాబట్టి బరువు ఒక మెట్టు దించి వేగం పెంచుకో. నీ .308 రైఫిల్‌లో సీసం 168 గ్రెయిన్లు (బుల్లెట్ బరువు కొలత) వాడుతుంటే రాగి 150 తీసుకో. ఫ్యాక్టరీ తూటాలో అది 2,800 దగ్గర బయల్దేరుతుంది, 350 గజాల దాకా నిశ్చింతగా పనిచేస్తుంది. బరువు తగ్గితే లోపలికి దిగదేమో అని భయపడకు, ముక్కలు రాలిపోవు కాబట్టి తేలికదైనా లోతుకి పోతుంది.

బరువు తగ్గించడానికి ఇంకో కారణం పొడవు. సీసం సాంద్రత 11.3, రాగిది 8.96. అదే బరువుకి రాగి బుల్లెట్ పొడుగ్గా వస్తుంది. పొడుగుదాన్ని నిలకడగా తిప్పాలంటే బ్యారెల్ ట్విస్ట్, అంటే లోపలి గాడుల మెలి, వేగంగా ఉండాలి. పాత .308ల్లో కొన్నిటికి 12 అంగుళాలకి ఒక చుట్టు ఉంటుంది. వాటిలో బరువైన రాగి వేస్తే బుల్లెట్ ఊగుతుంది, కాగితం మీద గుండ్రటి రంధ్రానికి బదులు కోలగా చీలిక పడుతుంది. అలాంటి రంధ్రం కనిపించిన రోజు స్కోప్ తిప్పుతూ కూర్చోకు, తూటా మార్చు.

గురి చూసుకునే ముందు బ్యారెల్ కడుగు. పాత బుల్లెట్ల తొడుగు తాలూకు మరకల మీద స్వచ్ఛమైన రాగి వేస్తే కాగితం మీద రంధ్రాలు ఒకచోట పడక గుంపు చెదిరిపోతుంది. అమ్మోనియా ఉన్న రాగి సాల్వెంట్ పెట్టి, డబ్బా మీద రాసినంత సేపే ఉంచి, గుడ్డ నీలంగా రావడం ఆగేదాకా తుడువు. రాడ్ చివర గుడ్డ పట్టుకునే జాగ్ ఇత్తడిదైతే గుడ్డ దానివల్లే నీలమవుతుంది, నైలాన్‌ది తీసుకో. తర్వాత ఐదారు తూటాలు ఊరికే కాల్చి, బ్యారెల్ చల్లారనిచ్చి, 100 గజాల్లో మూడేసి చొప్పున చూడు. ఒక బ్రాండు కుదరకపోతే ఇంకోటి, హోర్నాడీ సీఎక్స్, నోస్లర్ ఈ-టిప్ ఉన్నాయి. పెట్టెకి పది ఇరవై డాలర్లు ఎక్కువ పడుతుంది, పడనీ.

మీ ఫ్రెండు తూటాలు తనే కట్టి ఇస్తానన్నాడు కదా, అతనికి రెండు మాటలు చెప్పు. సీసం బుల్లెట్ల లెక్క రాగికి పనికిరాదు. పొడవు వల్ల తూటా ఇత్తడి కేసులోకి ఎక్కువ దిగి, తుపాకి మందుకి చోటు తగ్గి, ప్రెషర్ పెరుగుతుంది. రాగి బుల్లెట్ కంపెనీ ఇచ్చిన పట్టికలో అతి తక్కువ మందు కొలతతో మొదలుపెట్టాలి. బుల్లెట్‌ని బ్యారెల్ గాడులకి ఆనించకుండా 0.050 అంగుళం వెనక్కి ఉంచి మొదలుపెడితే చాలా రైఫిళ్లు బాగా కాలుస్తాయి.

ఎండుగడ్డి ఉన్నచోట ఉక్కు పలకల మీద మాత్రం రాగి కాల్చకు. గుద్దుకున్నప్పుడు ముక్కలు కాగి నిప్పు రాజేస్తాయి, ఈ విషయంలో సీసం కంటే రాగే ప్రమాదమని అమెరికా అటవీ శాఖవాళ్ల పరీక్షల్లో తేలింది. సెప్టెంబర్‌లో సియెర్రా గడ్డి సంగతి నీకు తెలుసు.

జింక మీద గురి ఎక్కడంటావా, సీసంతో భుజం వెనక పక్కటెముకల మధ్య కొట్టే అలవాటుంది కదా, అది కొంచెం ముందుకి జరుపు. అడ్డంగా నిలబడితే ముందుకాలి గీత పట్టుకుని పైకెళ్లు, ఛాతీ అడుగునుంచి మూడో వంతు ఎత్తులో ఆపు. ఎముక తగిలితే రేకులు ఖాయంగా విచ్చుకుంటాయి, భుజం విరిగితే ఎక్కడికీ పోదు. ఊపిరితిత్తులకే తగిలితే యాభై వంద గజాలు పరిగెత్తొచ్చు. తప్పిపోయిందని అనుకోకుండా, నిలబడిన చోటికి వెళ్లి రక్తపు జాడ వెతుకు.

పెట్టెలు కొనేముందు ఒక పని చెయ్యి. రైఫిల్ ఖాళీగా ఉందో లేదో చూసుకుని, పిడి స్వేచ్ఛగా తిరిగే క్లీనింగ్ రాడ్‌కి బిగుతుగా గుడ్డ చుట్టి బ్యారెల్‌లోకి తొయ్యి. రాడ్ మీద టేపు ముక్క అంటించి, అది ఒక పూర్తి చుట్టు తిరిగేసరికి రాడ్ ఎన్ని అంగుళాలు లోపలికి వెళ్లిందో కొలువు. ఆ అంకే నీ బ్యారెల్ ట్విస్ట్, నాకు పంపు, 150 కొనాలో 130కి దిగాలో అప్పుడు చెప్తాను.

నీ
రవి