నాన్నగారికి, మెట్రోపోలిస్ సినిమా గురించి

బెర్లిన్

నాన్నగారికి నమస్కారాలు.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందని తమ్ముడు చెప్పాడు, మనసు కుదుటపడింది. ఇక్కడ మేమంతా బాగున్నాం.

మొన్న ఫోన్‌లో మీరు అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. 1927 నాటి జర్మన్ మూకీ సినిమా, అదీ మన భాష కాదు, మన కథ కాదు, దాన్ని చూడ్డానికి ఇప్పటికీ హాలు నిండా జనం ఎందుకొస్తారని అడిగారు. ఉద్యోగమంతా ప్రొజెక్టర్ గదిలోనే గడిపిన మనిషికి మెట్రోపోలిస్ గురించి ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పాలని నాకు అనిపించలేదు. అందుకే ఈ ఉత్తరం. ఈ సినిమా చరిత్రలో మీలాగే ప్రొజెక్టర్ దగ్గర నిలబడ్డ మనిషి ఒకాయన ఉన్నాడు, ఆయన సంగతి తర్వాత చెప్తాను.

ముందు కథ. రాబోయే కాలంలో ఒక మహానగరం. పైన మేడలు, తోటలు, డబ్బున్నవాళ్ల పిల్లలు పరుగు పందాలు ఆడుకునే మైదానం. నేల కింద యంత్రాలు. వాటికీ కింద పనివాళ్ల ఇళ్లు. నగరాన్ని ఏలే ఫ్రెడర్‌సన్ కొడుకు ఫ్రెడర్, మరియా అనే అమ్మాయిని వెతుక్కుంటూ కిందికి దిగి, అక్కడి బతుకు మొదటిసారి చూస్తాడు. రోట్‌వాంగ్ అనే శాస్త్రవేత్త ఒక యంత్రమనిషిని తయారుచేసి దానికి మరియా రూపం ఇస్తాడు. అది పనివాళ్లని రెచ్చగొడుతుంది. వాళ్లు యంత్రాలు పగలగొడితే నీళ్లు పొంగి వాళ్ల ఇళ్లే మునుగుతాయి. చివర్లో యజమానీ పనివాళ్లూ చేతులు కలుపుతారు.

ఆ చివర నాకు ఎప్పుడూ నచ్చలేదు. తలకీ చేతులకీ మధ్య హృదయం ఉండాలి అని నీతి చెప్పి ముగిస్తారు. అంత అన్యాయం చూపించాక ఒక కరచాలనంతో సరిపెట్టడం ఎలా నమ్మమంటారు? తీసిన దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ కూడా తర్వాతి రోజుల్లో ఆ ముగింపుని తప్పుపట్టాడు. కథ రాసింది అప్పటి ఆయన భార్య తేయా ఫాన్ హార్బో. 1933లో వాళ్లు విడిపోయారు. ఆయన దేశం వదిలి వెళ్లిపోయాడు, ఆమె ఇక్కడే ఉండి నాజీ పార్టీలో చేరింది. ఇదంతా తెలిశాక ఆ చివరి సీను చూస్తుంటే ఇంకా ఇబ్బందిగా ఉంటుంది.

అయినా నాన్నగారూ, బొమ్మ మొదలవగానే ఇవన్నీ పక్కకి పోతాయి. పని వేళ మారేటప్పుడు ఒకేలాంటి నల్లబట్టల్లో తల వంచుకుని నడిచే మనుషుల వరసలు. పది గంటలే ఉన్న గడియారం. ఒక పెద్ద చక్రం ముందు నిలబడి, దీపం ఎక్కడ వెలిగితే అక్కడికి ముల్లుని లాగుతూ ఉండే పనివాడు. కాసేపు ఆగితే ప్రమాదం. అతను ఏం తయారుచేస్తున్నాడో అతనికీ తెలీదు, మనకీ చెప్పరు. యంత్రం పేలినప్పుడు అది ఫ్రెడర్ కళ్లకి నోరు తెరిచిన రాక్షస దేవతలా కనపడి, మనుషులు మెట్లెక్కి ఆ నోట్లోకి పోతుంటారు. మాట ఒక్కటి లేదు. మొన్న కూడా ఆ సీనుకి నా పక్కన కూర్చున్న పిల్లాడు వాళ్లమ్మ చెయ్యి పట్టుకున్నాడు.

మీకు నచ్చేది ఇంకొకటి ఉంది. ఆ మేడలన్నీ చిన్న బొమ్మలే. మరి వాటి మధ్య మనుషులు ఎలా తిరుగుతున్నారు? ఆయ్‌గెన్ షుఫ్టాన్ అనే ఆయన కెమెరా ముందు ఏటవాలుగా అద్దం పెట్టాడు. అద్దంలో మోడల్ ప్రతిబింబం పడుతుంది. మనుషులు కనపడాల్సిన చోట మాత్రం అద్దం వెనక పూత గీకేశాడు. ఆ ఖాళీలోంచి దూరంగా నిలబడ్డ నటులు కనపడతారు. రెండూ ఒకే ఫ్రేములో, ఒకేసారి నెగటివ్ మీద పడతాయి. తర్వాత ల్యాబ్‌లో కలిపే పనే లేదు. యంత్రమనిషి చుట్టూ వెలుగు వలయాలు లేచే సీనులో అదే ఫిల్మ్‌ని వెనక్కి తిప్పి మళ్లీ మళ్లీ ఎక్స్‌పోజ్ చేశారు. ఒక్కసారి లెక్క తప్పితే అప్పటిదాకా తీసిందంతా పోయినట్టే. ఆ రోజుల్లో ఆ కెమెరా మనుషులు ఎంత టెన్షన్ పడి ఉంటారో మీకే బాగా తెలుస్తుంది.

ఇందులో చాలా భాగం తీసింది బెర్లిన్ పక్కనే ఉన్న బాబెల్స్‌బర్గ్‌లో, ఊఫా కంపెనీ స్టూడియోలో. 1925 మేలో మొదలై 1926 అక్టోబర్ దాకా సాగింది. ఖర్చు 50 లక్షల మార్కులు దాటింది. కంపెనీ దాదాపు మునిగింది. (అమ్మకి ఒక మాట చెప్పండి. మన వాల్తేరులో పుట్టిన నటి దేవికారాణి ఈ ఊఫాలోనే సినిమా పని నేర్చుకుంది. ఈ సినిమా వచ్చిన కొన్నాళ్లకి నిర్మాత హిమాంశు రాయ్‌తో కలిసి ఇక్కడికొచ్చింది.) పనివాళ్ల కష్టం చూపించే సినిమా కోసం బెర్లిన్ పేదపేటల పిల్లల్ని చన్నీళ్లలో నిలబెట్టారు, పనిలేనివాళ్లకి గుండ్లు గీయించి బైబిల్ కథలోని బేబెల్ గోపురం సీనులో రాళ్లు లాగించారు. ఈ సినిమాని ఎంత ప్రేమించినా ఆ మాట దాచిపెట్టలేను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇది 1927 జనవరి 10న ఇక్కడి జూ దగ్గరున్న ఊఫా పలాస్ట్ హాల్లో విడుదలైంది. నిడివి 4,189 మీటర్లు, అంటే సుమారు రెండున్నర గంటలు. బెర్లిన్‌లో కొన్నాళ్లు ఆడి, డబ్బులు రాక దిగిపోయింది. అంతకుముందే ఊఫా అప్పుల కోసం అమెరికాలో పారామౌంట్, ఎంజీఎం కంపెనీలతో ఒప్పందం చేసుకుంది. వాళ్లు చానింగ్ పొలాక్ అనే నాటక రచయితకి ప్రింటు అప్పగించారు. ఆయన కత్తెర పట్టుకున్నాడు. ఇక్కడ కూడా ఆగస్టులో పొట్టి ప్రింటే మళ్లీ విడుదల చేశారు. మొత్తం మీద నాలుగోవంతు పోయింది.

ఏం పోయిందో వినండి. రోట్‌వాంగ్ ఒకప్పుడు హెల్ అనే ఆవిడని ప్రేమించాడు. ఆవిడ ఫ్రెడర్‌సన్‌ని పెళ్లాడి, ఫ్రెడర్‌ని కని చనిపోయింది. ఆ దుఃఖంతోనే రోట్‌వాంగ్ యంత్రమనిషిని చేశాడు. ఆ పేరు ఇంగ్లీషులో నరకం అన్నట్టు వినపడుతుందని పొలాక్ హెల్ కథ మొత్తం తీసేశాడు. దాంతో రోట్‌వాంగ్ కారణం లేని పిచ్చివాడైపోయాడు. ఫ్రెడర్ వెనక తిరిగే గూఢచారి పాత్ర కాస్తా దారిన పోయే మనిషి అయింది. ఫ్రెడర్‌తో బట్టలు మార్చుకుని పైకి వెళ్లిన పనివాడికి అక్కడ ఏమైందో ఎవరికీ తెలీకుండా పోయింది.

లండన్‌లో ఈ కత్తిరించిన ప్రింటు ఆడుతున్న రోజుల్లోనే ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్ న్యూయార్క్ టైమ్స్‌లో ఇంత తెలివితక్కువ సినిమా ఇంకోటి ఉండదేమో అన్నంత ఘాటుగా రాశాడు. ఆ తర్వాత తరతరాలుగా అందరూ ఒకే మాట అన్నారు: బొమ్మలు అద్భుతం, కథ అయోమయం. నిజమే, కథ అయోమయంగానే ఉంది. సగం కారణాలు తీసేస్తే ఏ కథ నిలబడుతుంది? పాతికశాతం పోయిన ఆ సినిమానే చూసి తర్వాతివాళ్లు తమ భవిష్యత్తు నగరాలు కట్టుకున్నారు. చిన్నోడికి ఇష్టమైన స్టార్ వార్స్‌లోని బంగారు రంగు రోబో ఈ యంత్రమనిషిని చూసి గీసిందే. 2001లో యునెస్కో తన ప్రపంచ స్మృతి జాబితాలో మొట్టమొదటి సినిమాగా దీన్నే చేర్చింది. అప్పటికీ ఆ నాలుగోవంతు దొరకలేదు. లాంగ్ 1976లో కన్నుమూశాడు. తను తీసిన సినిమా దాదాపు పూర్తిగా ఎక్కడో మిగిలి ఉందని ఆయనకి తెలియనే లేదు.

అది మిగిలింది అర్జెంటీనాలో. కత్తెర పడకముందు బెర్లిన్‌లో ఆడిన ప్రింటుని ఒక డిస్ట్రిబ్యూటర్ కొని బ్యూనస్ ఎయిరెస్‌కి పట్టుకెళ్లాడు. అక్కడ ఆడాక అది ఒక సినిమా విమర్శకుడి సొంత సేకరణలోకి చేరింది, తర్వాత ప్రభుత్వ కళల నిధి చేతికి, చివరికి ఆ ఊరి సినిమా మ్యూజియానికి. మధ్యలో ఎవరో దాన్ని 35 ఎం.ఎం. నుంచి సన్నటి 16 ఎం.ఎం. ఫిల్మ్‌లోకి దింపారు. పాత నైట్రేట్ ఫిల్మ్ అంటుకుంటే ఆగదని మీరు చెప్పేవారు గదా, ఆ భయంతోనే. దింపేటప్పుడు శుభ్రం చేయలేదు. 35 ఎం.ఎం. మీదున్న గీతలన్నీ కొత్త నెగటివ్‌లోకి ఎక్కేశాయి.

ఆ ఊళ్లో సినీ క్లబ్బు నడిపే సాల్వదోర్ సమ్మరితానో ఒకసారి ఈ ప్రింటు ఆడించాడు. ఫిల్మ్ కుంచించుకుపోయి, ప్రొజెక్టర్‌లో దీపం ముందు ఫిల్మ్ నడిచే గేట్‌లో నిలవకపోతే, బొమ్మ అదరకుండా రెండు గంటలకు పైగా వేలితో నొక్కిపట్టి నిలబడ్డాడట. ఏళ్ల తర్వాత ఆ మాట ఫెర్నాండో మార్టిన్ పేన్యా అనే సినిమా పరిశోధకుడి చెవిన పడింది. అందరూ నవ్వుకుని వదిలేసే సంగతి. ఆయన మాత్రం లెక్క వేశాడు. అందరికీ తెలిసిన మెట్రోపోలిస్ అంతసేపు ఆడదు గదా, మరి రెండు గంటలు దాటి ఏం ఆడించారు?

ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని ఆయన ఏళ్ల తరబడి తిరిగాడు. మ్యూజియంలో చూడనివ్వమంటే కుదరలేదు. 2008లో పౌలా ఫెలిక్స్ దిదియే అనే ఆవిడ ఆ మ్యూజియం డైరెక్టరైంది. ఇద్దరూ వెళ్లి అల్మరా తెరిస్తే రీళ్లు అక్కడే ఉన్నాయి. ఎనభై ఏళ్లు ప్రపంచమంతా వెతికిన సినిమా లేబుల్ వేసి మరీ ఉంది. ఆవిడ దాన్ని ఇక్కడికి తెచ్చి చూపించింది. పాత జర్మన్ సినిమాల్ని కాపాడే విస్బాడెన్‌లోని ముర్నౌ ఫౌండేషన్ వాళ్లు బాగుచేశారు. ఏ సీను తర్వాత ఏ సీను రావాలో తేల్చుకోవడానికి గాట్‌ఫ్రీడ్ హుప్పెర్ట్స్ రాసిన అసలు సంగీతం కాగితాలు ఆధారమయ్యాయి. ఏ స్వరం దగ్గర తెర మీద ఏం జరుగుతుందో ఆయన వాటి మీద రాసి పెట్టుకున్నాడు. 2010 ఫిబ్రవరి 12న ఇక్కడి చిత్రోత్సవంలో చూపించారు. అదే రాత్రి బ్రాండెన్‌బర్గ్ గేట్ దగ్గర ఆరుబయట తెర కడితే జనం చలిలో నిలబడి చూశారు.

నేను చూసేది ఆ ప్రింటే. దొరికిన సీను వచ్చినప్పుడల్లా ఇట్టే తెలిసిపోతుంది. అప్పటిదాకా అద్దంలా ఉన్న బొమ్మ మీద ఉన్నట్టుండి గీతలు కురుస్తాయి, ఫ్రేమ్ కూడా అంచుల్లో కొంచెం కోసుకుపోయి ఉంటుంది. కంప్యూటర్లతో చాలా తుడిచారు, ఇంకా ఉన్నాయి. మొదటిసారి ఆ గీతల సీను రాగానే నాకు ఏడుపొచ్చింది. పనివాడు కారులో కూర్చుని, చేతికొచ్చిన డబ్బు చూసుకుంటూ యోషివారా అనే విలాసాల భవనం వైపు వెళ్తుంటాడు. ఎవరూ పట్టించుకోని రీళ్లలో ఆ మనిషి ఎనభై ఏళ్లు అలాగే ప్రయాణం చేస్తున్నాడు.

మీరడిగినదానికి నా జవాబు ఇదే, నాన్నగారూ. ఈ సినిమాకి పేరు తెచ్చింది లాంగ్, షుఫ్టాన్. ఇప్పుడు దీన్ని దాదాపు పూర్తిగా చూడగలుగుతున్నామంటే మాత్రం అది గేట్ మీద వేలు పెట్టి నిలబడ్డ మనిషి వల్ల, ఆ మాట విని లెక్క వేసిన ఇంకో మనిషి వల్ల. విమర్శకుల పుస్తకాల్లో మీలాంటివాళ్ల పేర్లు చాలా తక్కువ కనపడతాయి. మొన్న హాల్లో దీపాలు వెలిగాక అందరూ హాల్లోనే సంగీతం వాయించిన ఆర్కెస్ట్రా వైపు తిరిగి చప్పట్లు కొడుతుంటే నేను వెనక్కి తిరిగి ప్రొజెక్టర్ గది కిటికీ వైపు చూసి కొట్టాను.

2027 జనవరి 10కి దీనికి వందేళ్లు. ఆ చలికి మిమ్మల్ని రమ్మనను. అమ్మ మోకాలు పూర్తిగా కుదిరాక వేసవిలో ఇద్దరూ రండి, బాబెల్స్‌బర్గ్ చూపిస్తాను.

ఈలోగా నాకు రెండు సంగతులు రాయండి. మీ హాల్లో రెండో వారం నుంచి కొన్ని సినిమాలకి రీళ్లు తగ్గించమని డిస్ట్రిబ్యూటర్ మనుషులు వచ్చేవారని చెప్పేవారు. ఆ కోసిన ముక్కలు ఏం చేసేవారు, ఎవరైనా దాచుకున్నారా? రెండోది, కుంచించుకుపోయిన ప్రింటుని గేట్ దగ్గర వేలితో పట్టడం నిజంగా కుదిరే పనేనా? ఆ వేడికి చెయ్యి తట్టుకుంటుందా? తమ్ముడిని అడిగితే కాదన్నాడు. వాడి మాట మీద నాకు నమ్మకం లేదు, మీరు చెప్పండి.

అమ్మకి నమస్కారాలు చెప్పండి. మందులు మర్చిపోకండి.

మీ పెద్దమ్మాయి