బోదకాలు బాధితులకు పింఛనే కాదు, కాలు కడిగే పద్ధతీ అందాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

ఉభాలు (వరినాట్లు) మొదలయ్యాయంటే శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో బోదకాలు ఉన్నవాళ్లకు టెన్షనే. రోజంతా బురదలో నిలబడితే వేళ్ల సందులు నాని పగులుతాయి. ఆ వెంటనే చలిజ్వరం, కాలు ఎర్రబడి సలుపు, గజ్జల్లో బిళ్ళ. బోద జ్వరమే కదా, రెండు రోజుల్లో పోతుందని మాత్ర వేసుకుని పడుకుంటారు. జ్వరం పోతుంది గానీ, వచ్చిన ప్రతిసారీ కాలు ఇంకాస్త లావెక్కుతుంది. ఈ జ్వరాలను చాలావరకు రాకుండా చూసుకోవచ్చని వాళ్లకు చెప్పే మనిషే లేడు.

ఆరోగ్యంగా ఉన్నవారి కాలికి ముల్లు దిగితే ముందు రక్తం గడ్డకట్టి గాయాన్ని మూస్తుంది. చుట్టుపక్కల రక్తనాళాలు వెడల్పవుతాయి, గంటల్లోనే తెల్లరక్తకణాలు వచ్చి క్రిములను మింగుతాయి. ఎరుపు, వేడి, వాపు, నొప్పి అన్నీ ఆ పోరాటం వల్లే. ఆ పోరులో చచ్చిన కణాలూ క్రిములే చాలావరకు చీము. తప్పించుకున్న క్రిములను గజ్జల్లోని లింఫ్ గ్రంథి పట్టుకుంటుంది. అది ఉబ్బితే మనం బిళ్ళ కట్టిందంటాం.

బోదకాలులో పాడయ్యేది ఆ గ్రంథికి వెళ్లే లింఫ్ నాళాలే, అంటే ఒంట్లో ఊరే నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే సన్నని గొట్టాలే. క్యూలెక్స్ దోమ ద్వారా ఒంట్లోకి చేరిన ఫైలేరియా పురుగులు ఏళ్ల తరబడి వాటిలోనే కాపురముంటాయి. నాళాలు సాగిపోయి, పూడుకుపోయిన కాలువలో నీరులా లింఫ్ ద్రవం కాలిలోనే నిలిచిపోతుంది. ఇక చిన్న పగులులోంచి దూరిన బ్యాక్టీరియాకు అడ్డేముంది? డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు వ్యాధి ఇంకొకరికి పాకకుండా ఆపుతాయి. ముదిరిన కాలును మాత్రం మామూలు కాలు చేయలేవు.

మా అత్తగారి కాలు రోజూ రాత్రి నేనే కడుగుతాను. వేడి నీళ్లు వాడను. చల్లని మంచినీళ్లు, మామూలు సబ్బు. మడతల్లో, వేళ్ల సందుల్లో నురగ పెట్టి, గట్టిగా రుద్దకుండా కడిగి, మెత్తటి గుడ్డతో తడి అద్దుతాను. సందులు తెల్లగా పాసి ఉంటే డాక్టరు రాసిన ఫంగస్ క్రీము. తర్వాత కాలు దిండు మీద ఎత్తి పెట్టి, మడమ కాసేపు పైకీ కిందికీ ఆడించమంటాను. జ్వరం తగిలితే పసరు కట్లు, కాపడాలు లేవు, పిసకడం అసలే లేదు, నేరుగా డాక్టరు దగ్గరికే. ఇలా చేస్తున్నప్పటి నుంచి ఆమెకు జ్వరాలు బాగా తగ్గాయి.

2027 నాటికి ఫైలేరియాను నిర్మూలించాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. టబ్బు, మగ్గు, సబ్బు, తువ్వాలు, క్రీము ఉన్న కిట్ ఇచ్చి, కాలి సంరక్షణ నేర్పడం కూడా ఆ కార్యక్రమంలో భాగమే. మా దగ్గరి క్లినిక్‌లో అడిగితే స్టాక్ లేదన్నారు. రెండు కాళ్లకూ బోద ముదిరినవారికి పింఛను ఇవ్వడం మంచి పనే. కానీ అంతదాకా ముదరకుండా చూడటం అంతకన్నా అవసరం. ఏటా ఉభాలకు ముందే కిట్లు తెప్పించి, ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు ఇంటికి వెళ్లి ఒక్కసారైనా కాలు కడిగి చూపించేలా జిల్లా వైద్యాధికారులు ఆదేశాలు ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
నరసన్నపేట మండలం, శ్రీకాకుళం జిల్లా