జీపుకి బయానా ఇచ్చే ముందు ఇది చదువు

టొలీడో, ఒహాయో

చిన్నా,

ఫొటోలన్నీ చూశాను. రంగు బ్రహ్మాండంగా ఉంది, అంతవరకూ ఒప్పుకుంటాను. "1944 నాటి మిలిటరీ విల్లీస్, రూపాయి తగ్గేది లేదు" అని జీపు అమ్ముతున్న పాతపట్నం ఆయన అన్నాడన్నావు చూడు, ఆ మాటకి మాత్రం బండే ఒప్పుకోవడం లేదు.

మొదటి ఫొటో తీసి ముందు గ్రిల్లులో నిలువు సందులు లెక్కపెట్టు. ఏడు. 1944లో మిలిటరీ కోసం తయారైన విల్లీస్ ఎంబీ మోడల్‌కైనా, అదే నమూనాలో ఫోర్డ్ వాళ్ళు చేసిన జీపీడబ్ల్యూకైనా తొమ్మిది ఉంటాయి. హెడ్‌లైట్లు గ్రిల్లుకి వెనకగా చిన్నవిగా ఉంటాయి, నట్టు వదులు చేసి వెనక్కి తిప్పితే రాత్రిపూట ఇంజిన్ మీద వెలుగు పడుతుంది. యుద్ధంలో రిపేరు చేసుకోవడానికి ఆ ఏర్పాటు. నువ్వు మెచ్చుకున్న వెనక తలుపు సంగతి చెప్పాలా? యుద్ధపు జీపుకి వెనక తలుపే లేదు. అది 1945లో మామూలు జనం కోసం సీజే-2ఏ తెచ్చినప్పుడు వచ్చింది. "విల్లీస్" అని పెద్ద అక్షరాలున్న ఆ తలుపు రేకులు ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి, కాబట్టి ఆ అక్షరాలకి డబ్బు కట్టకు.

ఇవన్నీ నాకెలా తెలుసంటావేమో. జీపు పుట్టిల్లు ఈ ఊరే. పాత విల్లీస్-ఓవర్‌ల్యాండ్ ఫ్యాక్టరీకి గుర్తుగా "ఓవర్‌ల్యాండ్" అని రాసిన ఇటుకల పొగగొట్టం ఇంకా నిలబడి ఉంది. ఆ స్థలంలోనే ఇప్పుడు డానా వాళ్ళు యాక్సిళ్ళు చేస్తున్నారు. ఇక్కడ ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ఎవరో ఒకరి తాత ఆ ఫ్యాక్టరీలో పనిచేసినవాడే.

నా ఊహ, అది మహీంద్రా సీజే-3బీ. మహీంద్రా వాళ్ళు 1947 నుంచే బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించారు, తర్వాత సీజే-3బీని ఏళ్ళ తరబడి చేశారు. దాని ఇంజిన్ ఎత్తు ఎక్కువ, అందుకే బానెట్ కూడా పైకి ఉంటుంది. దాని మీద లో బానెట్ బాడీ, అంటే బానెట్ ఎత్తు తక్కువ ఉండేది, కట్టించి "విల్లీస్" అని అమ్మడం మన దగ్గర కొత్త కాదు. బానెట్ ఎత్తి చూడు. ఇంజిన్ పైన చదునుగా, ప్లగ్గులు నెత్తి మీద నిలబడి ఉంటే అది యుద్ధపు జీపుల్లోని పాత గో-డెవిల్ ఇంజిన్. పైన రాకర్ కవర్ (వాల్వుల మీద మూత) ఉంటే అది హరికేన్, సీజే-3బీలో వచ్చే ఆ ఎత్తు ఇంజిన్. డీజిల్ ఇంజిన్ కనిపిస్తే ఆర్‌సీలో ఇంధనం ఏమని ఉందో చూడు. పెట్రోల్ అనే ఉంటే బేరం అక్కడితో ఆపు. కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

సీజే-3బీ చెడ్డ బండేం కాదు. నీ జీడితోటకి అదే మేలు కూడా, స్పేర్లు సులువుగా దొరుకుతాయి. ధర మాత్రం దాని ధరే ఉండాలి.

అసలు గొడవ కాయితాలది. ఆర్‌సీ ఫొటో అడిగితే "ఉందిలే బాబూ" అన్నాడట, నాకు అక్కడే టెన్షన్ పట్టుకుంది. అసలు ఆర్‌సీ చేత్తో పట్టుకోకుండా ఒక్క రూపాయి ఇవ్వకు. మన పర్లాకిమిడికి పాతపట్నం ఆటోలో వెళ్ళొచ్చేంత దగ్గరే. కానీ 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపినప్పటి నుంచి అది వేరే రాష్ట్రం, ఆర్‌టీఓ వాళ్ళకి ఆ సంగతి మనకంటే బాగా గుర్తుంటుంది. బండి రిజిస్టరైన ఆంధ్ర ఆఫీసు ఫారం 28 మీద ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, ఇవ్వాలి. తర్వాత మన గజపతి ఆర్‌టీఓలో ఫారం 29, 30 పెట్టి పేరు మార్చుకుని ఒడిశా టాక్స్ కట్టాలి. ఎన్‌ఓసీ అతని చేతే తెప్పించు. "ముందు తీసుకెళ్ళు, తర్వాత చూసుకుందాం" అంటే టీ తాగి వచ్చెయ్.

నంబరు పాత కాలపు మూడక్షరాలదైతే వాహన్‌లో (బండ్ల రిజిస్ట్రేషన్ల సర్కారు వెబ్‌సైట్) కొట్టి చూడు. కనిపించకపోతే ఇంకా రిజిస్టరు పుస్తకంలోనే ఉందన్నమాట. బ్యాక్‌లాగ్ ఎంట్రీ, అంటే పాత రికార్డుని కంప్యూటర్లోకి ఎక్కించడం, చేయిస్తే తప్ప పేరు మారదు, అదీ అతని పనే. 15 ఏళ్ళు దాటాక రిజిస్ట్రేషన్ ఐదేళ్ళకోసారి రెన్యూవల్ చేయించాలి, మధ్యలో ఎన్నిసార్లు ఎగ్గొట్టాడో చూడు. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్ళు దాటిన జీపుకి ఆ ఫీజే రూ. 10,000. ఇక్కడ పాత కారు కొంటే 17 అక్షరాల నంబరు కొట్టి చరిత్రంతా తీస్తారు. అయితే ఆ పద్ధతి 1981 మోడళ్ళ నుంచే. అంతకు ముందు బండికి ఇక్కడివాళ్ళు కూడా కాయితాలూ ఇనుమూ చూసుకోవాల్సిందే.

ఇనుము దగ్గరికి వద్దాం. చాసిస్ నంబరు ఎక్కడుందో అతన్నే చూపించమను. గ్రీజు తుడిచి, తెల్లకాయితం పెట్టి పెన్సిలుతో రుద్ది ప్రింట్ తియ్యి. అంకెలు వంకరగా ఉన్నా, చుట్టూ గ్రైండింగ్ గీతలు కనిపించినా వదిలెయ్. ఇంజిన్ మార్చుకోవచ్చు, గేర్‌బాక్స్ మార్చుకోవచ్చు, ఆ నంబరు మార్చుకోలేం. టేపు కూడా పట్టుకెళ్ళు. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి సీజే-3బీ అయితే 80 అంగుళాలు, అంటే 2,032 మిల్లీమీటర్లు రావాలి. 91 వస్తే తర్వాతి పొడుగు మోడల్ చాసిస్. ఆర్‌సీలో వీల్‌బేస్ ఉంటుంది, దానితో సరిచూడు. కిందికి దూరి చాసిస్ పట్టీల లోపల, కమాన్ పట్టీలు బిగించే చోట స్క్రూడ్రైవరుతో పొడువు. బాడీకి అయస్కాంతం అంటకపోతే అక్కడ ఉన్నది పుట్టీ.

స్టార్ట్ చేసేముందు బానెట్ మీద చెయ్యి పెట్టు. నువ్వు వెళ్ళేసరికే వేడిగా ఉంటే ఏదో దాస్తున్నాడు, చల్లారేదాకా కూర్చో. ఏటిలో తిప్పిన బండ్లకి యాక్సిళ్ళలో నీళ్ళు దూరతాయి, డిఫరెన్షియల్ ప్లగ్గు విప్పితే ఆయిలు పాలు పోసిన టీలా ఉందంటే అదే. ఆర్. ఉదయగిరి వైపు ఘాటీకి తీసుకెళ్ళి ఫోర్ వీల్, లో గేరు వేసి ఎక్కించు. కదులుతుండగా ఫస్ట్ వేస్తే కర్రుమంటుంది, ఆ మూడు గేర్ల బాక్సులో ఫస్ట్‌కి సింక్రో (గేరు మెత్తగా పడేలా చేసే ఏర్పాటు) లేదు, భయపడకు. దిగేటప్పుడు సెకండ్ దానంతటదే న్యూట్రల్‌కి జారిపోతే మాత్రం ఖర్చు పెద్దది.

వింటేజ్ బండ్లకిచ్చే వీఏ నంబరు ప్లేటు కావాలన్నావు కదా. 50 ఏళ్ళు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మారకుండా ఉంటే రూ. 20,000 కట్టి వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు. కాకపోతే ఆ ప్లేటుతో ర్యాలీలకీ ప్రదర్శనలకీ తప్ప రోజూ తిప్పకూడదు. జీడిగింజల బస్తాలు నెత్తిన మోస్తావా?

మెకానిక్‌ని మనవాణ్ణే తీసుకెళ్ళు, ఆయన చూపించినవాణ్ణి కాదు. నాన్నకి నేను ఫోన్ చేసి చెబుతాను, నువ్వు మధ్యలో వాదించకు. ఆర్‌సీ, చాసిస్ ప్రింట్ ఫొటోలు రాగానే నాకు పెట్టు. నీకు రాత్రయినా ఫరవాలేదు, ఇక్కడ పగలే.

అక్క